మైకు మీద మొనగాళ్లు: ఈ తరం రెజ్లింగ్‌లో బెస్ట్ ప్రోమోలు ఎవరివి?

పైతాడు:
ఈ గొడవ వేరే థ్రెడ్లలో ముక్కలు ముక్కలుగా నడుస్తోంది కాబట్టి అంతా ఒకచోటికి తెస్తున్నా. ఈ తరంలో మైకు మీద, అంటే మ్యాచ్ మీద ఆసక్తి పెంచడానికి రెజ్లర్లు మైకు పట్టుకుని చెప్పే ప్రోమోల్లో, మొనగాళ్లెవరు? "ఈ తరం" అంటే నా లెక్క 2011 జూన్ 27 నుంచి. లాస్ వేగస్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ వారం వారం షో రా చివర్లో సీఎం పంక్ స్టేజి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న రోజు అది. ఆస్టిన్, రాక్, ఫోలీ, ఫ్లెయిర్ ఎంతటివాళ్లో అందరికీ తెలుసు. వాళ్లను లాగితే ఇప్పటివాళ్ల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేం.

నా కొలత ఒకటే. ప్రోమో అయ్యాక ఆ మ్యాచ్ చూడకుండా ఉండగలనా? ఉండగలిగితే, ఆ మనిషి ఎంత బాగా మాట్లాడినా అది ఉపన్యాసమే.

పంక్ సంగతే తీసుకోండి. అందరికీ గుర్తున్నది మైకు కట్ అవడం, అప్పటి కంపెనీ బాస్ విన్స్ మెక్‌మాన్ కూతుర్నీ అల్లుడినీ కూడా వదలకుండా తిట్టడం. నన్ను పట్టేసింది మాత్రం ఆ మాటల కింద ఉన్న తేదీ. జూలై 17, మనీ ఇన్ ద బ్యాంక్ అనే పెద్ద షో, తన ఊరు షికాగోలో. అదే రాత్రి అతని కాంట్రాక్టు ముగుస్తుంది. టైటిల్ గెలిచి, బెల్టు తీసుకుని వెళ్లిపోతానన్నాడు. న్యూ జపాన్, రింగ్ ఆఫ్ ఆనర్ అనే వేరే కంపెనీల పేర్లు కూడా ఎత్తాడు. కింద అప్పటి ఛాంపియన్ జాన్ సీనా లేవలేక పడి ఉన్నాడు. పైగా తనకు చప్పట్లు కొడుతున్నవాళ్లను కూడా పంక్ వదల్లేదు. కంపెనీ అమ్మే కప్పులు కొనేది మీరే కదా, నా బొమ్మ లేని ఆ కప్పుల్లో తాగేది మీరే కదా అన్నాడు. పొగిడేవాళ్లను కూడా నిలదీశాడు కాబట్టే ఆ కోపం నిజమనిపించింది.

ఇంకో మాట. పంక్ అసలు బెస్ట్ ప్రోమో పైప్‌బాంబ్ అని పేరుపడ్డ ఆ జూన్ 27 ప్రోమో కాదు, జూలై 11న బోస్టన్‌లో సీనా ముఖం మీద చెప్పినది. ఎప్పుడూ కిందనుంచి పైకి వచ్చినవాణ్ని అని చెప్పుకునే సీనాని, బోస్టన్ జనం మధ్యలో, నువ్వే న్యూయార్క్ యాంకీస్ అయిపోయావు అన్నాడు. బోస్టన్ బేస్‌బాల్ జట్టుకు బద్ధశత్రువు ఆ యాంకీస్, ఆ ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. సీనా దగ్గర జవాబు లేదు, కొట్టాడు. మ్యాచ్ ఎందుకో నాకు అక్కడ అర్థమైంది.

నా ఐదుగురు: పంక్, ఎంజేఎఫ్, పాల్ హేమన్, ఎడ్డీ కింగ్‌స్టన్, 2020 తర్వాతి రోమన్ రెయిన్స్. ఇక మీ ఇష్టం.

టర్న్‌బకుల్:
అన్నా, కొలత నీదే తీసుకుంటా. ఆ కొలతతోనే ఎంజేఎఫ్ పంక్ కంటే ముందుంటాడు.

2022 ఫిబ్రవరి 23 డైనమైట్ (ఏఈడబ్ల్యూ కంపెనీ వారం వారం షో) మళ్లీ చూడు. అప్పటికి పంక్‌తో గొడవ మొదలై మూడు నెలలు. 2021 నవంబర్‌లో షికాగోలో ఇద్దరూ ఎదురుపడ్డ మొదటి సెగ్మెంట్‌లో ఒకరినొకరు చీల్చి చెండాడారు, ఎంజేఎఫ్‌ని అంత పేరు లేని మిజ్ (డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్) అని పంక్ ఎగతాళి చేసింది అక్కడే. ఆ తర్వాత ఈ ప్రోమో. అరుపుల్లేవు, తిట్లు లేవు. చిన్నప్పుడు పంక్‌తో దిగిన ఫొటో చూపించాడు. స్కూల్లో ఫుట్‌బాల్ టీమ్‌లో చేరితే, యూదుడని తోటి పిల్లలు తన మీదికి చిల్లర నాణేలు విసిరి ఏరుకోమన్నారని చెప్పాడు. అప్పుడు తనకు దిక్కు టీవీలో కనిపించే పంక్. 2014లో ఆ పంక్ అన్నీ వదిలేసి వెళ్లిపోయాడు. "నువ్వు నన్ను వదిలేశావు" అనే భావం ఆ గొంతులో ఉంది చూడు, అక్కడ హాల్ మొత్తం నిశ్శబ్దం. పంక్ ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు.

తర్వాతి వారమే అదే పంక్‌ని రక్తం కారేలా కొట్టించాడు. అంటే ఆ కన్నీళ్లు అబద్ధమా? కథ నిజం, దాన్ని వాడుకున్న తీరు నీచం. ఈ రెండూ ఒకే మనిషిలో పెట్టగలిగినవాణ్ని ఇంకొకణ్ని చూపించు. మార్చి 6న రెవల్యూషన్ షోలో డాగ్ కాలర్ మ్యాచ్ (ఇద్దరి మెడపట్టీలనూ ఒకే గొలుసుతో కట్టేది) చూడకుండా ఎవరుంటారు?

పాతటేపులు:
పైతాడు గారూ, పాతవాళ్లను తేవద్దన్నారు, సరే. కానీ ఈ విద్య ఎక్కడినుంచి వచ్చిందో ఒక పేరా రాయనివ్వండి, ఎందుకంటే మీ కొలత అక్కడిదే.

టెరిటరీల కాలంలో, అంటే ఒక్కో ప్రాంతానికి ఒక్కో కంపెనీ ఉన్న రోజుల్లో, టీవీ స్టూడియోలో నిలబెట్టి రెండు మూడు నిమిషాలు ఇచ్చేవాళ్లు. ఎదుట యాంకర్, చేతిలో మైకు. ఆ కాస్త సమయంలో మనిషి ఎవరు, ఎవరి మీద కోపం, ఏ రోజు ఏ ఊళ్లో కొట్టుకుంటాం అన్నది చెప్పాలి. చూసినవాడు టికెట్ కొంటేనే రెజ్లర్‌కి డబ్బు. 1985లో డస్టీ రోడ్స్ "హార్డ్ టైమ్స్" చెప్పినప్పుడు ఎదురుగా ఉన్నది రిక్ ఫ్లెయిర్ అనే ధనవంతుడి వేషం. ఫ్యాక్టరీల్లో పని పోయినవాళ్ల కష్టం, ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగంలో మనిషి స్థానంలో కంప్యూటర్ పెట్టేస్తే ఆ ఇంటి పరిస్థితి ఏంటని మాట్లాడి, చివరికి అందరి చెయ్యీ తన చేతిలో పెట్టమన్నాడు. అంతా ఫ్లెయిర్‌తో మ్యాచ్ కోసమే.

ఇప్పుడు ఆ పని చేస్తున్నవాడు ఎడ్డీ కింగ్‌స్టన్. 2020 జూలై 22న ఏఈడబ్ల్యూలో డస్టీ కొడుకు కోడీ రోడ్స్ పెట్టిన టీఎన్‌టీ టైటిల్ ఓపెన్ ఛాలెంజ్‌కి (ఎవరైనా పోటీకి రావచ్చు) వచ్చినప్పుడు చాలామందికి అతనెవరో తెలియదు. దాదాపు రెండు దశాబ్దాలు చిన్న కంపెనీల్లో తిరిగిన మనిషి. మ్యాచ్‌కి ముందు ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాడు, అది చాలు. మ్యాచ్ ఓడాడు, ఉద్యోగం వచ్చింది. అతని మాటల్లో వాక్యాలు పూర్తికావు, మధ్యలో ఆగిపోతాడు, ఒక్కోసారి ఎదుటివాడి మీద కోపమో తనమీద తనకే కోపమో తెలియదు. 2020లో జాన్ మాక్స్‌లీతో "ఐ క్విట్" మ్యాచ్‌కి (ఒకరు ఓటమి ఒప్పుకునేదాకా సాగేది) ముందు చెప్పినవి చూడండి. స్నేహితుడు ఎదిగిపోతే వెనకబడ్డవాడి మనసు ఎలా కుళ్లిపోతుందో అంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు.

బెల్‌మోగింది:
పాల్ హేమన్‌ని లెక్కలోకి తీసుకోవచ్చా? ఆయన కొట్టుకోడు కదా. దెబ్బ తినేవాడు మాట్లాడటం వేరు, పక్కన నిలబడేవాడు మాట్లాడటం వేరు.

హీల్‌పార్టీ:
తీసుకోవాల్సిందే తమ్ముడూ. మాట్లాడటమే వృత్తిగా ఉన్నవాణ్ని, మాట్లాడేవాళ్ల జాబితాలోంచి ఎలా తీసేస్తాం?

హేమన్ ఏం చేస్తాడో గమనించు. ప్రతిసారీ అదే మొదలు, తన పేరు తాను చెప్పుకోవడం. జనం వెంట అంటారు. అక్కడే వాళ్లు ఆయన చేతిలో పడిపోయారు. తర్వాత గొంతు తగ్గిస్తాడు. తను మేనేజర్‌గా ఉన్న బ్రాక్ లెస్నర్ పేరు దగ్గర మాత్రం పెంచుతాడు. 2014 ఏప్రిల్ 6న డబ్ల్యూడబ్ల్యూఈ ఏడాదిలో అతిపెద్ద షో రెజిల్‌మేనియా 30లో అండర్‌టేకర్ స్ట్రీక్ (రెజిల్‌మేనియాల్లో ఓటమి లేని వరుస) 21-1 అయ్యాక, నెలల తరబడి ఆ ఒక్క వాక్యాన్నే చెప్పాడు: నా క్లయింట్ బ్రాక్ లెస్నర్ స్ట్రీక్‌ని జయించాడు. వినీ వినీ జనానికి ఒళ్లు మండింది, మండాలనే చెప్పాడు. ఇది జోస్యం కాదు, జరగబోయేది ముందే చెప్తున్నా అనే మాట కూడా ఆయనదే. చాలాసార్లు అన్నట్టే జరిగింది కాబట్టి ఆ మాటకు విలువ.

అన్నిటికంటే గొప్పది 2023 ఫిబ్రవరి 6 రా. ఛాంపియన్ రోమన్ రెయిన్స్ మీద మ్యాచ్‌కి సిద్ధమవుతున్న కోడీ రోడ్స్, రోమన్ తరఫున వచ్చిన హేమన్ ఎదురుగా ఉన్నాడు. ఇద్దరి మధ్యా డస్టీ జ్ఞాపకం. కోడీ ఆయనతో గౌరవంగా మాట్లాడాడు. హేమన్ కూడా మర్యాదగానే మొదలుపెట్టి, కళ్లు తుడుచుకుంటూ, చివర్లో కత్తి దింపాడు: మీ నాన్నకు నువ్వు ఇష్టమైన కొడుకువి, కానీ ఆయన కోరుకున్న కొడుకు రోమన్ రెయిన్స్. ఆ ఒక్క మాటతో టైటిల్ మ్యాచ్ కాస్తా ఇంటి గొడవ అయిపోయింది. రోమన్ ఆ రింగ్‌లోనే లేడు! లేని మనిషి మీద కోడీకి పగ పుట్టించాడు. మేనేజర్ పని ఇదే, ఇంత బాగా ఇంకెవరూ చేయలేదు. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కించడం చాలా న్యాయం.

పైతాడు:
ఆ సెగ్మెంట్‌లో కోడీకి కూడా సగం మార్కులు ఇవ్వాలి. హేమన్ ఆ మాట అన్నాక కోడీ వెంటనే నోరు తెరవలేదు. ముఖం మారింది, ఆగాడు, తర్వాత మాట్లాడాడు. వినడం రానివాడికి ఎదురు ప్రోమో రాదు. సామీ జేన్ ఇంత పెద్దవాడైంది అందుకే. 2022 చివర్లో బ్లడ్‌లైన్ (రోమన్ ముఠా) సెగ్మెంట్లలో అందరూ అతని జోకులు గుర్తుపెట్టుకున్నారు. నేను చూసింది మాత్రం రోమన్ మాట్లాడుతున్నప్పుడు సామీ ముఖం. ఆ భయం, ఆ ఆశ. 2023 జనవరి 28న రాయల్ రంబుల్‌లో రోమన్ మీద కుర్చీ ఎత్తినప్పుడు ఒక్క మాట కూడా అక్కర్లేకపోయింది.

స్క్రిప్ట్‌లేదు:
ఇన్ని పోస్టుల్లో అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ మాటలు ఎవరు రాశారు? డబ్ల్యూడబ్ల్యూఈలో చాలా ఏళ్లు రచయితలు పదం పదం రాసి ఇచ్చేవాళ్లు. 2014, 2015లో రోమన్ రెయిన్స్ నోట్లో పెట్టిన మాటలు గుర్తున్నాయా? కార్టూన్ పిల్లి అనే మాటలు! అంత కండలున్న మనిషి అలా మాట్లాడుతుంటే హాల్ అంతా నవ్వింది, అది అతని తప్పు కాదు. ఏఈడబ్ల్యూలో ముఖ్యమైన పాయింట్లు చెప్పి మిగతాది మనిషికి వదిలేస్తారు. అందుకే కింగ్‌స్టన్ అక్కడ వెలిగాడు. రాసిచ్చింది అప్పజెప్పేవాణ్ని, లోపల ఉన్నది చెప్పేవాణ్ని ఒకే జాబితాలో పెట్టడం అన్యాయం.

హీల్‌పార్టీ:
చూసేవాడికి ఆ తేడా ఎందుకు? నాటకంలో పద్యం ఎవరు రాశారని అడిగి చప్పట్లు కొడతామా? పాడినవాడికి కొడతాం.

స్క్రిప్ట్‌లేదు:
పాడేవాడికి పద్యం నచ్చకపోతే తెలిసిపోతుంది కదా. అదే నేను చెప్పేది. 2017 ఆగస్టు 28 రా చూడండి, నో మెర్సీ షోలో మ్యాచ్‌కి సీనా, రోమన్ కాంట్రాక్ట్ సైనింగ్. రోమన్ మధ్యలో మాట మర్చిపోయాడు. సీనా, నేను ఆగుతాలే అన్నట్టు నిలబడి, దీన్నే ప్రోమో అంటారు కుర్రాడా, బిగ్ డాగ్ (రోమన్ బిరుదు) అవ్వాలంటే ఇది నేర్చుకోక తప్పదు అన్నాడు. అందరి ముందు! వెన్నులో చలి పుట్టింది నాకు. సీనా గెలిచింది ఎందుకంటే ఎదుట ఏం జరిగితే దానికి అక్కడికక్కడే జవాబు చెప్పగలడు. 2012లో రాక్ తన పాయింట్లు మణికట్టు మీద రాసుకున్నాడని జనం ముందు బయటపెట్టిందీ అతనే.

మూడోకౌంట్:
సీనా గెలిచాడు నిజమే, కానీ ఆ సంవత్సరం బెస్ట్ ప్రోమో మాత్రం రోమన్‌దే. ఏప్రిల్ 3, ఓర్లాండో, రెజిల్‌మేనియా మర్నాటి రా. ముందురోజు రాత్రే అండర్‌టేకర్‌ని ఓడించాడు. రింగ్‌లోకి వచ్చి నిలబడ్డాడు. జనం తిట్లు, అరుపులు, పొమ్మని కేకలు. నిమిషాలు గడుస్తున్నాయి. మైకు ఎత్తుతాడు, ఇంకా గోల, దించుతాడు. చివరికి ఒకే ముక్క, "ఇక ఇది నా అడ్డా" అన్నట్టు ఇంగ్లిష్‌లో ఐదు మాటలు, మైకు పడేసి వెళ్లిపోయాడు.

అతనికి రచయితలు రాసినవాటన్నిటి కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ పనిచేసింది. 2020 ఆగస్టులో హేమన్ పక్కన చేరాక రోమన్ పట్టుకున్నది ఆ దారినే. తక్కువ మాటలు, మెల్లగా, ఎదుటివాడు కంగారుపడేదాకా ఆగడం. "నన్ను ఒప్పుకోండి" అని ఊరూరా అడిగించుకుని 1316 రోజులు టైటిల్ పట్టుకున్నాడు.

ఇక నా అసలు గొడవ. ఇన్ని పోస్టుల్లో ఒక్క ఆడమనిషి పేరు రాలేదు. బెకీ లించ్ ఎక్కడ? 2018 ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో షార్లెట్ ఫ్లెయిర్‌ని కొట్టినప్పుడు జనం ఆమెను తిట్టాలని రాసుకున్నారు. హాల్ అంతా బెకీ వైపు లేచింది. అప్పటినుంచి "ద మ్యాన్" అని తనకు తానే బిరుదు పెట్టుకుని, ఛాంపియన్ రోండా రౌసీని టీవీలో, సోషల్ మీడియాలో వదలకుండా కెలికి, నవంబర్ 12న ముక్కు పగిలి రక్తం కారుతుంటే జనం మధ్యలో నవ్వుతూ చేతులు చాచి నిలబడింది. 2019 ఏప్రిల్ 7న రెజిల్‌మేనియా 35 చివరి మ్యాచ్ ఆడవాళ్లది, అలా జరగడం అదే మొదటిసారి. ఆ టికెట్లు అమ్మింది ఆమె నోరే.

పాతటేపులు:
మూడోకౌంట్ గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఏఈడబ్ల్యూలోని టోనీ స్టార్మ్‌ని కలపండి. 2023లో "టైమ్‌లెస్" అయ్యాక ఆమె మాట తీరే మారిపోయింది. నలుపు తెలుపు సినిమాల కాలం నాటి హీరోయిన్‌లా, మతిస్థిమితం కాస్త జారినట్టు, తెర మీద కూడా రంగు తీసేసి చూపించేవాళ్లు. మొదట నవ్వు. ఆ నవ్వులోంచి మరాయా మే కథ పుట్టింది. ఆమెను ఆరాధించే అమ్మాయి, ఆమెలా తయారై, ఆమెనే మోసం చేసి, 2024 ఆగస్టు 25న వెంబ్లీలో టైటిల్ గుంజుకుంది. నవ్వించే వేషంతో మొదలుపెట్టి కన్నీళ్లదాకా తీసుకెళ్లడం అంత తేలిక కాదు. 2025 మార్చిలో రెవల్యూషన్ మ్యాచ్ నాటికి ఇద్దరి పగ నాకు పూర్తిగా నిజంగా తోచింది.

టర్న్‌బకుల్:
టోనీ విషయంలో నో డౌట్. మిజ్ పేరు కూడా రాయండి, నా ఎంజేఎఫ్‌ని ఎగతాళి చేయడానికి పంక్ అతని పేరు వాడాడు కానీ మిజ్ చిన్నవాడేం కాదు. 2016 ఆగస్టు 23, టాకింగ్ స్మాక్, అంటే డబ్ల్యూడబ్ల్యూఈ ఇంకో షో స్మాక్‌డౌన్ అయ్యాక వచ్చిన మాటల కార్యక్రమం. స్మాక్‌డౌన్ జనరల్ మేనేజర్ డేనియల్ బ్రయన్, నువ్వు దెబ్బలకు భయపడే పిరికివాడిలా రెజ్లింగ్ చేస్తావు అన్నాడు. మిజ్ పగిలిపోయాడు. పదేళ్లుగా ఒక్క గాయంతో ఇంట్లో కూర్చోకుండా రోజూ పనిచేస్తున్నానని, నువ్వు తిరిగొస్తానని అభిమానులకు మాట ఇచ్చావుగా, మరి రావేం అని వేలు చూపించి అరిచాడు. బ్రయన్ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయాడు. బ్రయన్ అప్పటికే డాక్టర్లు ఒప్పుకోక రిటైర్ అయిన మనిషి, మ్యాచ్ జరిగే దారే లేదు. అయినా ఆ మ్యాచ్ కావాలని రెండేళ్లు జనం మర్చిపోలేదు. 2018 మార్చిలో బ్రయన్‌కి అనుమతి రాగానే అందరి నోటా మొదటి మాట మిజ్. ఆ ఏడాది సమ్మర్‌స్లామ్‌లో జరిగింది. పైతాడన్నా, నీ కొలతకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉందా?

పైతాడు:
లేదు. రెండేళ్ల ముందే టికెట్ అమ్మేసిన ప్రోమో అది.

బెల్‌మోగింది:
బ్రే వయట్ పేరు ఎవరూ ఎత్తలేదేంటి? నేను రెజ్లింగ్‌లోకి వచ్చిందే అతని వల్ల.

మూడోకౌంట్:
బ్రే గురించి రాయాలంటే నాకు కాస్త కష్టంగా ఉంటుంది. 2023 ఆగస్టు 24, ముప్పై ఆరేళ్లకే పోయాడు.

పైతాడు గారి కొలత అతనికి సరిపోదు. బ్రే ప్రోమో విన్నాక మ్యాచ్ చూడాలనిపించదు, బ్రేని ఇంకాసేపు వినాలనిపిస్తుంది. ఊయల కుర్చీలో కూర్చుని సగం అర్థమయ్యీ కాని మాటలు చెప్పేవాడు. తర్వాత 2019 ఏప్రిల్‌లో ఫైర్‌ఫ్లై ఫన్ హౌస్, పిల్లల కార్యక్రమం వేషంలో, బొమ్మల మధ్య స్వెటర్ వేసుకుని నవ్వుతూ. ఆ నవ్వు మధ్యలో ఒక్క క్షణం కళ్లు ఖాళీ అయ్యేవి. రెజిల్‌మేనియా 36లో జనం లేని బిల్డింగులో సీనాతో చేసినది మ్యాచ్ కాదు, అదంతా ఒక ప్రోమోనే. సీనా కెరీర్ మొత్తం తిరగేసి, నువ్వు చెప్పుకునే హీరో ఎవరు అని అతన్ని అడిగాడు. 2022 అక్టోబర్ 14న స్మాక్‌డౌన్‌లో వేషం లేకుండా వచ్చి, అభిమానులకు థాంక్స్ చెప్పుకున్నప్పుడు కూడా అదే గొంతు. మ్యాచ్ అమ్మనివాడు ప్రోమో మొనగాడు కాదంటే నేను ఒప్పుకోను.

పైతాడు:
బ్రే విషయంలో మీతో వాదించను మూడోకౌంట్ గారూ. కానీ అతని కెరీర్‌లో బాధ కూడా అదే. మాటలు కట్టినంత ఎత్తుకు ఆ మ్యాచ్‌లు ఎక్కించలేదు. చెప్పినది జరగకపోతే తర్వాతిసారి ఎంత బాగా చెప్పినా జనం సగమే నమ్ముతారు. పంక్‌కి కూడా అదే జరిగింది. జూలై 17న బెల్టుతో వెళ్లిపోయినవాణ్ని జూలై 25కే వెనక్కి తెచ్చారు. ఎనిమిది రోజులు! ఏ దూరం గురించి అంత మాట్లాడాడో ఆ దూరమే లేకుండా చేశారు. ఎంజేఎఫ్ 2022 జూన్ 1న లాస్ ఏంజెలెస్‌లో ఏఈడబ్ల్యూ యజమాని టోనీ ఖాన్‌ని బూతు తిట్టి, మైకు కట్ అయ్యాక నిజంగానే కనిపించకుండా పోయాడు. సెప్టెంబర్ 4న ఆల్ అవుట్‌లో వచ్చేదాకా మూడు నెలలు. నవంబర్‌లో ఫుల్ గియర్‌లో మాక్స్‌లీ నుంచి టైటిల్. మాట చెప్పాక ఎన్నాళ్లు ఆగాలో వాళ్లకు తెలుసు.

స్క్రిప్ట్‌లేదు:
ఇదే లెక్కన 2025 సీనా హీల్ టర్న్ (విలన్‌గా మారడం) ఎక్కడ పెడతారు? మార్చి 1న టొరంటోలో కోడీని కొట్టాడు. మార్చి 17న బ్రసెల్స్‌లో మాట్లాడాడు, పాతికేళ్లుగా మీరు నన్ను వాడుకున్నారు, మన బంధమే బాగోలేదు అని జనాన్నే నిలదీశాడు. వాక్యం వాక్యం బాగుంది. నా లెక్కలో ఆ దశాబ్దపు బెస్ట్ హీల్ ప్రోమోల్లో అదొకటి.

హీల్‌పార్టీ:
ప్రోమో బాగుంది, దాని వెనక కథ లేదు. టొరంటోలో రాక్ పక్కనున్నాడు, రెజిల్‌మేనియాకి రాక్ కనిపించనే లేదు. ఎందుకు మారాడో చెప్పిన మనిషి ఆ మాట ప్రకారం బతకలేదు. ఆగస్టుకి మళ్లీ మంచివాడైపోయాడు. నిజమైన హీల్ తను చెప్పేది తను నమ్మాలి, నెలల తరబడి నమ్మాలి. డ్రూ మెకింటైర్ 2024 చూడండి. పంక్ గాయపడితే, దీనికోసమే ప్రార్థించాను అన్నాడు. ఆ ద్వేషాన్ని వారం వారం పెంచి, పంక్ భార్య పేరూ కుక్క పేరూ ఉన్న చేతి గొలుసు కొట్టేసి, అక్టోబర్ 5న అట్లాంటాలో హెల్ ఇన్ ఎ సెల్ దాకా తీసుకెళ్లాడు. డ్రూ తనే బాధితుడినని చివరిదాకా నమ్మాడు. వింటుంటే ఒక్కోసారి నేనూ నమ్మాను.

మరి క్రిస్టియన్ కేజ్ ఎవరికీ గుర్తులేడా? ఎదుటివాడి చనిపోయిన తండ్రిని తెచ్చి తిట్టడం.

మూడోకౌంట్:
అది నాకు నచ్చదు. క్రిస్టియన్ అలా తిట్టిన రెజ్లర్ జంగిల్ బాయ్ తండ్రి ల్యూక్ పెర్రీ 2019లో నిజంగా చనిపోయిన మనిషి. ఆ బాధ మీద మాట్లాడితే ఎవరికైనా కోపం వస్తుంది, అందులో నైపుణ్యం ఏముంది?

హీల్‌పార్టీ:
మొదటిసారి అయితే మీరన్నట్టే. కానీ క్రిస్టియన్ దాన్ని ఒక అలవాటు చేశాడు. ఎవరు ఎదురొచ్చినా వాళ్ల నాన్న సంగతి ఎత్తడం, తర్వాత కుర్ర రెజ్లర్ నిక్ వేన్‌కి తానే తండ్రిలా మారడం. చౌకబారు తిట్టు కాస్తా ఒక మనిషి స్వభావం అయింది. జంగిల్ బాయ్ అంతా తెలిసి ఒప్పుకునే చేశాడనుకుంటాను, లేకపోతే నేనూ సమర్థించను.

మూడోకౌంట్:
ఒప్పుకుని చేసినా నాకు వినబుద్ధి కాదు. అదే సమోవా జో 2018లో ఛాంపియన్ ఏజే స్టైల్స్ భార్య పేరెత్తి మాట్లాడాడు. చనిపోయినవాళ్లెవరూ లేరు, బూతు లేదు. కెమెరావైపు చూస్తూ, మెల్లగా, ఇంటాయనని త్వరలో ఇంటికి పంపిస్తాను అన్నట్టు. సమ్మర్‌స్లామ్‌లో రింగ్ పక్కన కూర్చున్న ఏజే కుటుంబంతో మ్యాచ్ మధ్యలోనే మాట్లాడాడు, ఏజే తట్టుకోలేక కుర్చీతో కొట్టి డిస్‌క్వాలిఫై అయ్యాడు. గొంతు పెంచకుండా ఛాంపియన్‌కి మతి పోగొట్టడం, అదీ పనితనం అంటే.

పాతటేపులు:
జో గురించి బాగా చెప్పారు. ఇంకో కోణం చూడండి, డొమినిక్ మిస్టీరియో. 2022, 2023లో అతను మైకు ఎత్తితే చాలు, గోలలో ఒక్క అక్షరం వినబడేది కాదు. ఆ పరిస్థితిలో చాలామంది అరిచి పోటీపడతారు, లేదా రాసుకున్నది గబగబా చెప్పేసి వెళ్లిపోతారు. డొమినిక్ ఆగేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు, మళ్లీ ఆగేవాడు. వినిపించని ప్రోమోతోనే తండ్రి మీద కొట్లాట అమ్మాడు. ఆస్టిన్ 2001లో మొదలుపెట్టిన "వాట్" కేకలు ఇప్పటికీ ఎంతోమంది ప్రోమోలను మధ్యలో కూలుస్తున్నాయి, ఆ కేకల మధ్య లయ తప్పనివాళ్లు చాలా తక్కువ. కొత్తవాళ్లు డొమినిక్ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

టర్న్‌బకుల్:
అందరూ వరుస చెప్పకుండా తప్పించుకుంటున్నారు. నాది రాస్తున్నా: ఎంజేఎఫ్, హేమన్, పంక్, మిజ్, కింగ్‌స్టన్. వేలు ఎత్తినవాళ్లు ఎత్తండి.

మూడోకౌంట్:
బెకీ, హేమన్, బ్రే, జో, రోమన్. అదే వరుస.

స్క్రిప్ట్‌లేదు:
కింగ్‌స్టన్, సీనా, పంక్, ఎంజేఎఫ్. ఐదో చోటు ఖాళీ, ఎవరికీ ఇవ్వబుద్ధి కావట్లేదు.

బెల్‌మోగింది:
అన్నలూ అక్కా, నాకో సాయం. రెజ్లింగ్ అంటే గొడవ, అంతా అబద్ధం అనే మా ఫ్రెండ్‌కి ఒక్కటే ఒక్క ప్రోమో చూపించే ఛాన్స్ ఉంది. ఎవరి కథా తెలియని మనిషి. ఏది పెట్టను?

పైతాడు:
పైప్‌బాంబ్ పెట్టకు. అందులో పేర్లు ఎక్కువ, కబానా ఎవరు, హేమన్ ఎవరు, లారినైటిస్ ఎవరని ప్రతి ముప్పై సెకన్లకూ ఆపి చెప్పాలి. మిజ్, బ్రయన్ టాకింగ్ స్మాక్ పెట్టు. జనం లేరు, రింగ్ లేదు, ఒక బల్ల దగ్గర కూర్చున్న మనుషులు. నీ పని నువ్వు సరిగ్గా చేయవు అని ఒకరు అనడం, ఇన్నేళ్ల కష్టం ఇంకొకరు కక్కేయడం. ఎవరికైనా అర్థమవుతుంది.

పాతటేపులు:
నేనైతే ఎంజేఎఫ్ ఫిబ్రవరి 23 పెడతాను, కానీ ఒక షరతు. దానితోపాటు తర్వాతి వారం పంక్‌ని కొట్టింది కూడా చూపించండి. మొదటిది ఒక్కటే చూపిస్తే మంచి కథ విన్నానని లేచిపోతాడు. రెండోది కూడా చూస్తే మూడోది ఎక్కడని అడుగుతాడు.

బెల్‌మోగింది:
రెండూ రెడీగా పెట్టుకున్నా. ఈ ఆదివారం ముందు మిజ్, తర్వాత ఎంజేఎఫ్. వాడు ఏమన్నాడో వచ్చి రాస్తా.

టర్న్‌బకుల్:
మార్చి 6 మ్యాచ్ కూడా దగ్గర పెట్టుకో తమ్ముడూ. అడుగుతాడు.